ఇల్లు ముందా, ఉండేవారు ముందా?

ఆధునికవాద వాస్తుశిల్పం 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో యూరప్‌లో రూపుదిద్దుకుంది. అలంకారం వృథా అనీ, కట్టడం దాని పనికి తగ్గట్టు ఉంటే చాలనీ, ఒకే నమూనా అన్ని దేశాలకూ సరిపోతుందనీ అది నమ్మింది. చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే 1923లో వెలువడిన తన గ్రంథంలో ఇంటిని నివాస యంత్రంగా నిర్వచించాడు. ఈ వాదంపై విమర్శ చివరికి ఒక తాత్త్విక ప్రశ్న దగ్గరికి చేరుతుంది: ఇల్లు ముందా, ఉండేవారు ముందా?

భగవద్గీత అయిదో అధ్యాయం దేహాన్ని తొమ్మిది వాకిళ్ల పురమంటుంది. ఆ పురానికి విలువ అందులోని దేహి వల్ల వస్తుంది. ఆలయ సంప్రదాయానిదీ ఇదే దారి. ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా గర్భగుడి రాతిగదే. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి చరిత్రలో దీనికి గట్టి ఉదాహరణ ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. స్వామి కోసం గుడి వెలిసింది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దానికోసం కట్టిన హంపీ కృష్ణాలయంలో గోడలూ స్తంభాలూ నిలిచే ఉన్నాయి, పూజ మాత్రం లేదు. ఆ జిల్లాలోనే ఆత్మకూరు దగ్గరి ఏ.ఎస్.పేట దర్గాకు మతభేదం లేకుండా జనం వచ్చేది కూడా కట్టడాన్ని చూడటానికి కాదు, అక్కడ విశ్రమించిన సూఫీ సాధువు ఖాజా నాయబ్ రసూల్ కోసం.

ఈ క్రమాన్ని ఆధునికవాదం తిరగేసింది. ముందు నమూనా గీసి, మనిషిని అందులో ఇమడమంది. అదే పద్ధతిలో, 2020 డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ గృహ పథకం గ్రామాల్లో సెంటున్నర స్థలం, 340 చదరపు అడుగుల ప్రామాణిక ఇల్లు నిర్ణయించింది. తుపాన్ల తీరానికీ, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమకూ దాదాపు అదే కొలత. ఎండాకాలంలో శ్లాబు పగలంతా వేడి పీల్చి రాత్రి ఇంట్లోకి వదులుతుంది. అరుగుకూ, పంచకూ, గొడ్లపాకకూ, ధాన్యం ఆరబోసుకోవడానికీ సెంటున్నరలో చోటు చాలదు.

అయితే పాత పల్లె అంతా మంచిదనలేం. అది మనుషుల్ని కులాన్ని బట్టి వీధులుగా విడదీసింది, దళితవాడను ఊరి బయట ఉంచింది. పేదవాడికి పక్కా ఇల్లు, అందరికీ ఒకే కొలత అన్న ఆశయంలో న్యాయం ఉంది. ఆధునికవాదాన్ని విమర్శించేవారు ఈ న్యాయాన్ని వదులుకుంటే వారి వాదం నిలవదు. ఆధునికవాదం లోపం సమానత్వాన్ని కోరడంలో లేదు; సమానత్వమంటే ఒకే అచ్చు అనుకోవడంలో ఉంది.

నగరాల్లో ఈ లోపం పెద్దదైంది. వీధిలో మనుషుల రాకపోకలే నగరానికి ప్రాణమని రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వాదించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 33 పదకొండంతస్తుల భవనాలతో వెలసిన ప్రూయిట్-ఐగో గృహ సముదాయాన్ని 1972 నుంచి కూల్చివేశారు. పేదరికం, జాతివివక్ష, నిర్వహణకు నిధుల కొరత కూడా అందుకు కారణాలే. నేరమంతా నమూనాదే అనడం సరికాదు.

సాహిత్యం నగరాన్ని మరోలా చూసింది. నెల్లూరువాడైన కవి పఠాభి 1939లో ప్రచురించిన ‘ఫిడేలు రాగాల డజన్’ ఛందస్సు కట్టుబాట్లను తెంచి, మద్రాసు నగర జీవితాన్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చింది. కుందుర్తి వచన కవిత కూడా నగరంలోని సామాన్యుడి వెంట నడిచింది. వాస్తుశిల్పం అలంకారాన్ని విడిచినట్టే కవిత్వం ఛందస్సును విడిచింది, కానీ మనిషిని విడవలేదు. సాదాతనం దోషం కాదనడానికి ఇదే సాక్ష్యం.

కాబట్టి కాంక్రీటును నిందించడం వల్ల ప్రయోజనం లేదు. ఉండబోయేవారిని అడిగి, వారి వృత్తినీ, ఊరి ఎండనూ, దొరికే రాయినీ మట్టినీ లెక్కలోకి తీసుకుని, కులగోడలు లేకుండా కట్టే ఇల్లు సమానత్వాన్నీ స్థానికతనూ రెండింటినీ నిలుపుతుంది. ఉండేవారే ముందు అన్న సూత్రం ఆచరణలో కోరేది ఇదే.