మరణశాసనము – గృహస్థ ధర్మము

సమస్తమును శ్రీమన్నారాయణుని సొత్తని నమ్మినవానికి మరణశాసనముతో పని యేమి యని కొందరు భక్తులు అడుగుదురు. ఇల్లును పొలమును ఆయనవే యైనప్పుడు వానిని పంచుటకు మన మెవ్వరము? ప్రశ్న ఉచితమే. కాని సొత్తు స్వామిది గనుకనే దాని లెక్క అప్పగించుట సేవకునకు విధి యగుచున్నది. కోశాధికారి పదవి విడుచునప్పుడు తాళపుచెవులను తగినవారి చేతికిచ్చి పోవలెను గాని వీధిలో విసరిపోరాదు. లోకములో వీలునామా యని పిలువబడు పత్రముయొక్క ప్రయోజన మిదియే.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి గృహస్థాశ్రమమును విడువబోవుచు తన భార్యలైన మైత్రేయీ కాత్యాయనులకు ఆస్తి యేర్పాటు చేయ సంకల్పించెను. మైత్రేయి ధనమును గాక అమృతత్వమునే కోరుట జగత్ప్రసిద్ధము. అయితే ఆ బ్రహ్మోపదేశమునకు ముందు మహర్షి తలపెట్టిన పని యేదో గమనింపవలెను. వెనుక నిలుచువారికి తగవు రాకుండ చేయుట విరక్తికి విరోధము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక అసలు సందేహము: ఒకసారి వ్రాసినదానిని మార్చుట సత్యభంగము కాదా? వీలునామా ప్రతిజ్ఞ కాదు. వ్రాసినవాడు స్వస్థచిత్తుడై యున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చునని 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పుచున్నది. కాని చట్టము అనుమతించిన దెల్ల ధర్మము కానేరదు. కర్తవ్యము మారినప్పుడు శాసనము మారవలెను. మనస్సు కలగినప్పుడు మారరాదు. కుమారునితో కలహించిన దినమున కలము పట్టరాదు. ఒక పక్షము గడువనిచ్చి, ఏకాదశీ వ్రతమైన పిమ్మట కూడ ఆ మార్పు న్యాయమని తోచినచో అప్పుడు వ్రాయవలెను.

కర్తవ్యము ఎప్పుడు మారును? ఆస్తి పొందవలసినవాడు మరణించినను, ఇంట క్రొత్తగా సంతానము కలిగినను, ఒకరికని వ్రాసిన పొలమును అమ్ముకొన్నను పాత పత్రమును తిరిగి చూడవలెను. అమ్మిన పొలము స్థానమున మరియొకటి వ్రాయనిచో ఆ వ్యక్తికి దక్కున దేమియు లేదు. చట్టము మారినను అట్లే. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అవివాహితలైన కుమార్తెలకు సమానహక్కు నిచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చెను. 2005లో కేంద్ర ప్రభుత్వపు సవరణ ఆ హక్కును వివాహితలకును విస్తరింపజేసెను. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. కావున పిత్రార్జితమంతయు కుమారులకే యని వ్రాసియుంచిన తండ్రి, తనది కానిదానిని దానము చేసినవా డగుచున్నాడు. అతడు వ్రాయదగినది తన వంతు మాత్రమే.

దశరథ మహారాజు కైకకు ఎప్పుడో ఇచ్చిన వరములు విప్పని మూటవలె అంతఃపురమున పడియుండెను. పట్టాభిషేకపు వేళ ఆ మూట విప్పబడినది. ఆయనకు మాట వెనుకకు తీసికొను వీలు లేకపోయెను. మనకు వీలుండియు పాత పత్రమును పెట్టెలో మరచుట కేవలము ఉపేక్ష.

మార్పునకు ఒక హద్దు కలదు. "ఈ యిల్లు నీదే" యన్న మాటను నమ్మి, ఉద్యోగము మానుకొని ఏండ్ల తరబడి సేవచేసిన తమ్ముని కొడుకు నొకనిని భావింపుడు. అచ్చట పత్రము ప్రతిజ్ఞ కాకపోయినను పలికిన మాట ప్రతిజ్ఞయే. దానిని రహస్యముగా మార్చుట చట్టమునకు నేరము కాకున్నను దైవమునకు నేరమే. అట్లే భార్యకు నిలువనీడ లేకుండ సర్వస్వమును దేవాలయమునకు వ్రాయుటయు తగదు. కుటుంబమునకు విరోధము కలుగనంతవరకే దానము చేయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించుచున్నది. ఆకలిగొన్న యిల్లాలి కన్నీటితో తడిసిన కానుకను స్వామి కోరడు.

వ్యయమందురా, అది స్వల్పము. వీలునామాకు స్టాంపుపత్రము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. చేయించుకొన్నచో ప్రభుత్వ రుసుమును, న్యాయవాదిచే వ్రాయించినచో అతని పారితోషికమును మాత్రము చెల్లింపవలెను. పాత పత్రముపై ఊరక కొట్టివేసి దిద్దిన దిద్దుబాట్లు చెల్లవు. చిన్న మార్పునకు అనుబంధ పత్రమును, పెద్ద మార్పునకు పూర్వపు వీలునామాలన్నియు రద్దని తెలుపు క్రొత్త పత్రమును వ్రాసి, రెండింటను ఇద్దరు సాక్షులచే సంతకము చేయింపవలెను. రిజిస్టరైన పాతదానిని రిజిస్టరు కాని క్రొత్తది రద్దు చేయగలదు. అయినను వివాదము రాకుండుటకై క్రొత్తదానిని కూడ రిజిస్టరు చేయించుట మేలు.

మార్పక యుండుటవలన కలుగు వ్యయమే గొప్పది. న్యాయస్థానమున గడచిపోవు సంవత్సరములను, తండ్రి తద్దినమునాడు ఒక యింట భుజింపని అన్నదమ్ములను ఏ రుసుముతో కొలువగలము?

కావున ప్రతి సంవత్సరము తన జన్మనక్షత్రమునాడు తిరువారాధనమైన పిదప ఆ పత్రమును తీసి ఒకసారి చదువుకొనవలెను. మారవలసిన దేమియు లేనిచో మడచి యుంచవలెను. ఉన్నచో జాగు చేయరాదు. స్వామి సొత్తును స్వామికి నచ్చునట్లు అప్పగించు బుద్ధిని శ్రీనివాసుడు మన కందరకు ప్రసాదించుగాక!