అడిగింది బజారు దారి మాత్రమే



క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లలో చాలామంది ఇల్లూ వాకిలీ, వ్యాపారం వదులుకుని వచ్చినవారే. దైవప్రవక్త (సఅసం) ముహాజిర్లకూ, అన్సార్లకూ మధ్య సోదర బంధం కలిపారు. అలా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, మదీనా ధనవంతుల్లో ఒకరైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) సోదరులయ్యారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం తీసుకోమన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన ధనంలో, కుటుంబంలో అల్లాహ్ శుభం కలిగించాలని దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రం కోరారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి నాలుగు డబ్బులు కూడబెట్టారు. కొంతకాలానికే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చి నికాహ్ చేసుకున్నారు. అది తెలిసి ప్రవక్త (సఅసం) ఒక్క గొర్రెతోనైనా వలీమా విందు ఇవ్వమన్నారు.

గమనించండి. ఆయన సోదరుని మనసు నొప్పించలేదు, అతని సొమ్మూ ముట్టలేదు. పని చేసుకునే దారి అడగటం యాచన కాదు. తాడు తీసుకెళ్ళి కట్టెలమోపు మోసుకొచ్చి అమ్ముకోవడం ఒకరి ముందు చేయి చాపడంకన్నా మేలని ప్రవక్త (సఅసం) బోధించారు.

మరి మన ఇళ్ళలో? అన్న గల్ఫ్ ఎండల్లో కష్టపడి పంపే డబ్బు కోసం ఒళ్ళు వంచగలిగిన తమ్ముళ్ళు ఎదురుచూస్తుంటారు. మహర్ ఇవ్వవలసిన వరుడే ‘జోడేకీ రఖం’ అడుగుతాడు. ఆ డబ్బుతో దుకాణం పెట్టి, సొంత కాళ్ళ మీద నిలబడ్డానంటాడు!

సఅద్ (రజి) గాథ అంతటితో ముగియలేదు. క్రీ.శ. 625లో ఆయన ఉహుద్ యుద్ధంలో షహీదయ్యారు. ఆస్తి మొత్తం ఆయన సోదరుడు తీసేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని ఆయన భార్య ప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. అప్పుడు వారసత్వ ఆయతు అవతరించింది. కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ప్రవక్త (సఅసం) ఆ పినతండ్రిని ఆదేశించారు.

కనుక స్వయంసమృద్ధికి రెండు షరతులున్నాయి: ఇతరుల కష్టార్జితానికి ఆశపడకూడదు, ఇతరుల హక్కును తొక్కిపెట్టకూడదు. చెల్లెలి వాటా మన దగ్గర ఉంచుకుని, ఆమె కుట్టుమిషను మీద బతకడం చూసి కష్టజీవి అని మెచ్చుకుంటే సరిపోదు. ముందు ఆమె వాటా ఆమెకు అప్పగిద్దాం. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ అనురాగం మరింత బలపడుతుంది.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదననూ, హక్కులు చెల్లించే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.