పెట్టె క్షేమమే

గుంటూరులో మా ఇంటి వెనక గదిలో ఒక ఇనప బీరువా ఉంది. అందులో బట్టలు ఉండవు, నగలు ఉండవు. పదకొండు అట్టపెట్టెలుంటాయి. ఎనభైల్లో, తొంభైల్లో అమెరికా షాపుల్లో అమ్మిన కంప్యూటర్ ఆటల పెట్టెలవి. ఒక్కోటి లావుపాటి నిఘంటువంత ఉంటుంది. లోపల ఫ్లాపీలు, మాన్యువల్, ఒక్కోసారి గుడ్డమీద అచ్చేసిన మ్యాపు. నేను అక్కడ ఉద్యోగం చేసిన ఆరేళ్ళలో గరాజ్ సేల్స్‌లో ఒక్కోటీ ఏరి తెచ్చుకున్నవి.

మా చిన్నప్పుడు ఈ ఊళ్ళో ఇలాంటి పెట్టె ఎవరూ చూసి ఉండరు. కంప్యూటర్ అసెంబుల్ చేసిచ్చిన అన్న ఒక సీడీ చేతిలో పెట్టేవాడు. దానిమీద మార్కర్‌తో ‘గేమ్స్’ అని రాసుండేది, అంతే. అందులోనే ప్రిన్స్ ఆఫ్ పర్షియా, అందులోనే వైరస్ కూడా. ఆటకి ఒక పెట్టె ఉంటుందని, దాన్ని తయారుచేసిన మనిషి పేరు ఆ పెట్టెమీద ఉంటుందని నాకు ఇరవై దాటాకే తెలిసింది. బహుశా అందుకే వాటిమీద అంత మోజు.

దాచడానికి గుంటూరు మంచి ఊరు కాదు. రోహిణి కార్తెలో గోడలు పొయ్యిలా కాలతాయి. అక్టోబరు దాటితే తుఫానులు. ఎండ తగిలితే పెట్టెమీద ఎరుపు ముందు వెలిసిపోతుంది. తేమ తగిలితే అట్ట ఉబ్బుతుంది, ఫ్లాపీ లోపలి పొరకి బూజు పడుతుంది. ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందది నలుగుతుంది కాబట్టి పుస్తకాల్లా నిలబెట్టాలి. కొత్తలో చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోయి పెట్టె అంచుల్ని వంచేస్తుంది. కాపాడాల్సిన కవరే నలిపేస్తుందన్నమాట. ఇవన్నీ చదివి నేర్చుకున్నాను. సిలికా జెల్ పొట్లాలు, తేమ కొలిచే చిన్న మీటరు, ఎలకలు దూరకుండా తలుపు సందుకి రబ్బరు పట్టీ. అమ్మ ఒకసారి అడిగింది: “తినేవా, కట్టుకునేవా? ఎవరికోసంరా ఇయన్నీ?” నవ్వి ఊరుకున్నాను.

కొన్నేళ్ళ కిందట సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు ఆ బీరువా ముందు నిలబడ్డాడు. అప్పుడు వాడికి పదేళ్ళు. ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ పెట్టె వాడి కంట్లో పడింది. 1990 నాటి ఆట. లోపల ఒకదానిమీద ఒకటి తిరిగే రెండు అట్ట చక్రాలుంటాయి. పై చక్రం తిప్పుతుంటే ఒక సముద్రపు దొంగ నుదురు ఇంకో దొంగ గడ్డానికి అతుక్కుంటుంది. తెరమీద కనిపించిన మొహాన్ని చక్రంలో కుదిర్చి, అక్కడున్న సంవత్సరం టైపు చేస్తేనే ఆట ముందుకి కదులుతుంది. కాపీ కొట్టేవాళ్ళని ఆపడానికి పెట్టిన తాళం అది. దొంగల మీద తీసిన ఆటకి దొంగల బెడద! వాడు పెట్టె తీసుకుని, “మావయ్యా, ఒక్కసారి ఆడదామా?” అన్నాడు. “పాడవుద్ది నాన్నా, పెద్దయ్యాక” అన్నాను.

కిందటేడాది ఆ ఫ్లాపీలు బయటికి తీశాను. యూఎస్‌బీ డ్రైవ్‌లో పెడితే మొదటిది చదివింది. రెండోదాని దగ్గర టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. పెట్టె అంచు మాత్రం ఇవాళ్టికీ కత్తిలా ఉంది. రంగు చెక్కు చెదరలేదు. పెట్టె క్షేమమే. లోపల ఆట లేదు.

అది ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. ఆ పిల్లాడికి వద్దని చెప్పిన రోజున బతికే ఉందేమో.

తెలుగులో ‘దాచడం’ అన్న మాట విచిత్రమైంది. డబ్బు దాస్తాం, నిజమూ దాస్తాం. పోగొట్టుకోకుండా ఉంచడానికీ, ఎవరి కంటా పడకుండా చెయ్యడానికీ ఒకటే క్రియ. బీరువా ముందు నేను చేసింది మొదటిదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రెండోదే చేశానేమో అని ఇప్పుడు అనుమానం.

మా వైపు దాచడం తెలియని వాళ్ళు లేరు. వెనకటికి జొన్నలు పాతరేసేవాళ్ళు. ఇప్పుడు మిర్చి యార్డులో ధర లేకపోతే రైతు టిక్కీల్ని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అద్దె కడతాడు. రంగు తగ్గకుండా, బూజు పట్టకుండా చూసుకుంటాడు. అదీ నేను చేసే పనే. కానీ ఆ సరుకు ఏదో ఒకరోజు బయటికి రావాలని అతనికి మొదటిరోజే తెలుసు. చివరికి అది ఎవరో ఒకరి నోరు మండించాలి. నేను దాచినదానికి బయటికొచ్చే తేదీ లేదు. ‘పెద్దయ్యాక’ అన్నది తేదీ కాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. తెరిస్తే అరుగుతుంది. అడిగిన ప్రతివాళ్ళకీ ఇచ్చుంటే చక్రం ఎప్పుడో చిరిగిపోయేది, మ్యాపు ఏ టిఫిన్ ప్లేటు కిందో తేలేది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. ఆ ఊరు మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడి పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వస్తారు. ముట్టుకుంటే పొడి రాలే కాగితం అది. అయినా గ్రంథాలయం అన్నాక అడిగినవాళ్ళకి చూపించాలి, రేపు అడగబోయేవాళ్ళకి మిగల్చాలి. రెండూ చెయ్యడం కష్టం. మొదటిది మానేస్తే రెండోది చాలా తేలిక. నేను ఎంచుకున్నది ఆ తేలిక దారి.

ఆ దారికి ఇవాళ ధర కూడా ఉంది. సీలు విప్పని ఒక ‘సూపర్ మారియో 64’ 2021లో అమెరికా వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. సీలు విప్పి ఆడితే ఆ ధర ఉండదు. అంటే, ఎవరూ ఆడలేదన్న సంగతికి కట్టిన వెల అది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఒకటుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియాని ఒంటిచేత్తో తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ దాని సోర్స్ కోడ్ పోయిందనే అనుకున్నాడు. 1989 నాటి ఆట. 2012లో వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్న పాత సామాను అట్టపెట్టెలో పెట్టి పంపిస్తే, అందులో ఆ ఫ్లాపీలు దొరికాయి. తెలిసినవాళ్ళని పిలిచి వాటిని చదివించి, కోడ్ అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఆ నాన్న దగ్గర తేమ మీటరు ఉందో లేదో గానీ, పెట్టె కదిలింది. చాలా ఆటలకి ఆ అదృష్టం లేదు. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు డబ్బు పెట్టినా అధికారికంగా దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. మంకీ ఐలాండ్ కొత్త రూపంలో దొరుకుతుంది. నా బీరువాలోవి కొన్ని దొరకవు.

మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా తన దగ్గరున్న ప్రోగ్రాముకి, పాడైపోతుందన్న భయంతో, తన వాడకం కోసం బ్యాకప్ తీసుకోవచ్చు. అయితే ఆ కాపీ నుంచే తియ్యాలి. చచ్చిన ఫ్లాపీ నుంచి ఏం తీస్తాం? బతికున్నప్పుడే తెరిచినవాడికి పనికొచ్చే హక్కు అది. నేను పెట్టెని కాపాడుతూ ఆ హక్కుని కూడా పోగొట్టుకున్నాను.

తర్వాత మిగతా పది పెట్టెలూ తెరిచాను. ఏడింటి ఫ్లాపీలు పూర్తిగా చదవగలిగాను, మూడు దక్కలేదు. ఒక పెట్టె మూత తీస్తుంటే అంచు చిరిగింది. చాలాసేపు బాధపడ్డాను, అబద్ధం ఎందుకు. ఇంత రాశాక కూడా బీరువా తలుపు తీసినప్పుడల్లా ముందు చూసేది అంచుల్నే.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంటర్. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి చేతిలో ఆ చక్రం పెట్టాను. రెండుసార్లు తిప్పాడు. “బాగుంది మావయ్యా” అని, ఫోన్లో ఏదో మ్యాచ్ మధ్యలో ఉందని మేడమీదికి వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు. వాడు అడిగింది పదేళ్ళప్పుడు.