బర్నబా వినెను

అపొస్తలుల కార్యములు 9:26-27 చదువుడి. సౌలు యెరూషలేములో శిష్యులతో చేర యత్నింపగా వారు నమ్మక భయపడిరి. ఆ భయము నిష్కారణము కాదు, వేషధారులును ఉందురు. అయితే బర్నబా అతనిని చేరదీసి, త్రోవలో ప్రభువును చూచిన సంగతియు, దమస్కులో ధైర్యముగా బోధించిన సంగతియు అపొస్తలులకు తెలిపెను.

నేడును ఇరానులో క్రీస్తును అంగీకరించి, హింసకు వెరచి పరదేశములలో ఆశ్రయము కోరువారు కలరు. వారి విశ్వాసము నిజమా అని అక్కడి అధికారులు విచారింతురు. 2019లో బ్రిటను అధికారులు, క్రైస్తవ్యము శాంతిమార్గమని చెప్పిన యొక ఇరానీయునికి బైబిలులోని కఠిన వచనములను ఎత్తిచూపి, అతని మనవిని త్రోసివేసిరి; పిమ్మట తిరిగి విచారించుటకు ఒప్పుకొనిరి. మతజ్ఞానమును విస్తారముగా పరీక్షించుట ప్రతిసారి అవసరము కాదనియు, తాను ఎట్లు విశ్వసించెనో, ఎక్కడ ఆరాధించెనో అతనినే చెప్పనిచ్చుట మేలనియు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2004లోనే సూచించెను.

మన సంఘములలో అక్షరము రాని అవ్వ పది ఆజ్ఞలు వరుసగా అప్పగింపలేదు. వాన కురిసినను ఆరాధన మానదు. ఆమె విశ్వాసము అబద్ధమా?

క్రొత్తవాడు మన గుడి గడప తొక్కినప్పుడు ఓపికతో విందము. చూడనిదానికి సాక్ష్యమిచ్చుట తొమ్మిదవ ఆజ్ఞను మీరుట. చూచినదానిని దాచుటయు దోషమే (లేవీయకాండము 5:1). ప్రభువు మనకు బర్నబా చెవిని, సత్యము పలుకు నోటిని దయచేయును గాక. ఆమేన్.