పేరు పెద్దదైతే మాట నిజమవుతుందా?

మన వాట్సాప్ గ్రూపుల్లోకి తరచూ ఒక ఫోటో వస్తుంది. బాబాసాహెబ్ బొమ్మ, కింద రెండు వాక్యాలు. ఏ పుస్తకంలోవో, ఏ ప్రసంగంలోవో ఉండదు. అయినా ఆయన పేరుంది, పంపినవారు పెద్దవారు, అప్పటికే వందమంది జైభీమ్ పెట్టారు. మనమూ పదిమందికి పంపుతాం. ఇది ధమ్మమేనా?

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని తూచే పద్ధతులు ఎక్కువగా ఈ రెండింటినే చూస్తాయి: చెప్పినవారి పేరు, ఒప్పుకున్నవారి సంఖ్య. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుకు ఓట్లు పడితే రాసినవారికి పాయింట్లు పెరుగుతాయి. పాయింట్లతోపాటు ఇతరుల రాతను దిద్దే అధికారమూ పెరుగుతుంది. 2001లో మొదలైన వికీపీడియాలో డిగ్రీ అడగకుండా ఎవరినైనా రాయనిస్తారు, దిద్దనిస్తారు. చదువు తమ సొత్తే అన్నవారిని చూసిన మనకు ఇది నచ్చుతుంది. కానీ అక్కడ ప్రొఫెసర్‌నని చెప్పుకుంటూ పెద్ద బాధ్యతల దాకా ఎదిగిన ఒకరు ప్రొఫెసరే కాదని 2007లో బయటపడింది.

పేరు గురించి బుద్ధుడు ముందే హెచ్చరించాడు. మహాపరినిబ్బాన సుత్తంలో, భోగనగరంలో ఉండగా నాలుగు సందర్భాలు చెప్పాడు. ఒక భిక్ఖువు తాను చెప్పేదాన్ని స్వయంగా బుద్ధుని నోటనే విన్నానని అనవచ్చు. పెద్దలున్న సంఘం నుంచి, బహుశ్రుతులైన అనేకమంది థేరుల నుంచి, లేదా ఒక్క థేరుని నుంచి విన్నానని అనవచ్చు. ఏదైనా సరే, వెంటనే మెచ్చుకోవద్దు, వెంటనే తోసిపుచ్చవద్దు. సుత్తంతో, వినయంతో సరిచూడాలి. తన పేరుకు కూడా ఆయన మినహాయింపు ఇవ్వలేదు.

మరి సంఖ్య? భిక్ఖు సంఘంలో ఓటు ఉండేదని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో గుర్తుచేశారు. రాజకీయాల్లో భక్తి పతనానికి దారి అని హెచ్చరించిందీ ఆ ప్రసంగంలోనే. ఓటు మన వారసత్వమే. అయినా ఊరంతా ఒక్కటై వాడను వెలివేసినప్పుడు ఓట్లు ఊరివైపే ఉన్నాయని మనకు వేరే చెప్పాలా?

ఎక్స్‌లోని కమ్యూనిటీ నోట్స్ దీనికి ఒక మందు వెతికింది. మామూలుగా ఒకరితో ఒకరు విభేదించేవారు కూడా బాగుందని ఒప్పుకుంటేనే ఒక గమనిక అందరికీ కనబడుతుంది. మంచి ఆలోచనే. కానీ నిజం వాడ ఒక్కదానికే తెలిసినప్పుడు, ఊరు ఒప్పుకోనంతకాలం ఆ గమనిక బయటికి రాదు. అచ్చులో ఆధారం చూపాలన్న నియమమూ అంతే. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచిన వారి చరిత్రకు అచ్చు ఎక్కడిది?

కాబట్టి పేరైనా సంఖ్యయినా ఒక మాటను వినడానికి కారణం కావచ్చు, నమ్మడానికి కాదు. మన పెద్దల జ్ఞాపకాలను తేదీలతో, ఊర్లతో రాసి అచ్చువేద్దాం. అవతలివారికి సరిచూసుకునే వీలిద్దాం. మన ఇంట్లోనూ అదే కొలత పెట్టుకుందాం. బాబాసాహెబ్ రచనలను, ప్రసంగాలను మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలుగా ప్రచురించింది. ఈసారి ఆ ఫోటో వచ్చినప్పుడు, పంపినవారిని ఏ సంపుటం, ఏ పేజీ అని మర్యాదగా అడుగుదాం. అలా అడగడం బాబాసాహెబ్‌ను అవమానించడం కాదు, ఆయన అనని మాటను ఆయన నోట పెట్టకుండా కాపాడటం.