భాగాలు, ఆయుధం, బాధ్యత

రైఫిల్ తేలికగా ఉండాలంటే ముఖ్యంగా బారెల్‌ను సన్నగా చేయాలి, చెక్క బట్ స్థానంలో ఫైబర్ బట్ బిగించాలి. తగ్గిన బరువుకు ఫలితం ఉంటుంది: పేల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ పెరుగుతుంది, సన్నని బారెల్ త్వరగా వేడెక్కుతుంది.

ఆయుధం ఈ భాగాల్లో ఎక్కడ ఉంది? చక్రం, ఇరుసు, నొగ విడివిడిగా రథం కావని, వాటి కూర్పును బట్టి వచ్చిన వ్యవహారనామమే రథమని ‘మిళింద ప్రశ్నలు’ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు వివరిస్తాడు. రైఫిల్‌కూ ఇది వర్తిస్తుంది. అయితే పేరు కూర్పుతో వచ్చినా బాధ్యత అంతకుముందే మొదలవుతుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం విడి భాగాలను కూడా ఆయుధాలుగానే పరిగణిస్తుంది. లైసెన్సు లేని తయారీ నేరం.

విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టులోనూ భాగాల ఎంపిక ఉంది: వెదురు బద్దలు, గుడ్డ, కోడిగుడ్డు సొన, ఆకు పసరు. విడిగా చూస్తే ఇవి సాధారణ వస్తువులే. నొప్పి తగ్గించాలన్న సంకల్పమే వాటిని వైద్యంగా మారుస్తుంది. కర్మ సిద్ధాంతం సంకల్పానికి ప్రాధాన్యమిచ్చేది ఇందుకే. భాగాలను ఎంచుకునేవాడు ప్రయోజనాన్నీ ఎంచుకుంటాడు. దాని ఫలితానికి జవాబుదారు వస్తువు కాదు, మనిషే.