దోషి దొరకని కథ

న్యూజెర్సీలో కొండవాలున ఒక చిన్న ఊరు. అక్కడ పియానోలు శ్రుతి చేసి బతికే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. చేతికర్రతో ఇల్లిల్లూ తిరిగి తిరిగి, వయసు మీదపడ్డాక గైడ్ డాగ్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు.

కుక్కను అప్పగించే ముందు ఆ శిక్షణ కేంద్రంలో ఒక పరీక్ష ఉంటుంది. కుక్క ఉండాల్సిన చోట ట్రైనరే ఉండి, హార్నెస్ పట్టుకుని ముందు నడుస్తుంది. మనిషి వేగమెంత, ఎంత లాగితే తట్టుకుంటాడు అన్నది అక్కడ తేలుతుంది. దాన్నిబట్టే జోడీ. ఆ రోజు పెద్దాయన పెళ్లిచూపులకొచ్చిన వరుడిలా ఛాతీ విరుచుకుని, చదునైన వీధిలో చకచకా నడిచేశాడు. ఆ నడకకు తగ్గట్టే ఒక నల్ల లాబ్రడార్‌ని ఇచ్చారు. రెండేళ్ల ఆడకుక్క, ఉరకలేసే ఒళ్లు.

ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపడింది. ఊరంతా ఎగుడుదిగుడు. కుడిచేతిలో పనిముట్ల సంచీ, ఎడమచేతిలో హార్నెస్. కుక్క ముందుకు లాగుతుంది, ఆయన వెనక్కి గుంజుతాడు. నాలుగడుగులకోసారి ఇదే. ఆయనకి భుజం నొప్పి పట్టుకుంది. కుక్కకి అంతకన్నా పెద్ద చిక్కు వచ్చింది. సరిగ్గా చేసిన పనికీ వెనక్కి గుంజుతుంటే, ఏది తప్పో ఏది ఒప్పో దానికి తెలియకుండా పోయింది. మెల్లగా సొంతంగా నిర్ణయం తీసుకోవడమే మానేసింది. హార్నెస్ కనబడితే తల పక్కకు తిప్పుకునేది. ఒక రోజు ఫుట్‌పాత్ అంచున ఆగకుండా రోడ్డు మీదికి దిగింది. కారు కీచుమంటూ ఆగింది కాబట్టి సరిపోయింది.

ఇరుగుపొరుగు వాళ్లు మాత్రం, "అంత బుద్ధిమంతురాలు మళ్లీ దొరుకుతుందా? కొంచెం సర్దుకోండి" అనేవాళ్లు. హార్నెస్ వాళ్ల చేతిలో లేదు మరి.

చివరికి ట్రైనర్‌కి ఫోన్ చేశాడు. ఆమె వచ్చి, వాళ్ల వెనకాలే ఊరంతా నడిచింది.

"తప్పు నాదా, దానిదా?" అనడిగాడు.

"ఆ రోజు అంత వేగంగా ఎందుకు నడిచారు?"

కాసేపు మాట్లాడలేదు. "మెల్లగా నడిస్తే కుక్క ఇవ్వరేమోనని" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కుక్కను వ్యాన్ ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నీతి కథ కాబట్టి కెనెల్‌లో కుక్కలు మాట్లాడుకున్నాయి. మూల పడుకున్న ముసలి కుక్క అడిగింది: "ఏమ్మా, తరిమేశాడా?"

"లేదు తాతా. ఏడ్చాడు."

"నువ్వో?"

"వ్యాన్‌లో నిద్రపోయాను. ఎన్నాళ్లకో!"

తర్వాత అది న్యూయార్క్‌లో రైళ్లు మారుతూ ఆఫీసుకు పరుగెత్తే ఒక యువ న్యాయవాదికి జోడీ అయింది. అక్కడ దాన్ని అందుకోవడం ఆ న్యాయవాదికే కష్టమట! పెద్దాయన రెండోసారి పరీక్షలో తన మామూలు నడకే నడిచాడు. ఈసారి వచ్చిన పసుపురంగు కుక్క, ఆయన పియానో విప్పగానే దాని కిందే గురకపెడుతుంది.

నీతి:

నీతి కథకు మామూలుగా దోషిగా ఒక మొసలో నక్కో కావాలి. ఇక్కడ మన పెద్దాయనే దొరికాడు కదా అనిపిస్తుంది, ముందుగా అబద్ధపు నడక నడిచాడని. ఆ తొందర వద్దు. సాయం అడగవలసి వచ్చిన మనిషి, ఇచ్చేవాళ్ల ముందు కాస్త గట్టిగా కనబడాలని చూస్తాడు. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలోనూ అంతే, ఉద్యోగంలోనూ అంతే. నెమ్మదిగా నడిచేవాడికీ కుక్క ఇస్తామని ముందే చెప్పి ఉంటే ఆయన తన నడకే నడిచేవాడేమో. కుక్క మంచిది, మనిషి మంచివాడు, ట్రైనర్ పనిమంతురాలు. అయినా జోడీ కుదరలేదు. కుదరలేదని ఒప్పుకోవడానికి దోషిని పట్టుకోనవసరం లేదు.

ఏది సర్దుకోవచ్చో ఏది కుదరదో మాత్రం తెలియాలి. సర్దుకోగలిగిన దానికి ఒక ఉదాహరణ: 1928లో నాష్‌విల్ కుర్రాడు మోరిస్ ఫ్రాంక్ స్విట్జర్లాండ్‌లోని వెవే దాకా వెళ్లి గైడ్ డాగ్‌ను తెచ్చుకున్నాడు. అమెరికాలో అలాంటి తొలి జోడీల్లో అదొకటి. ఆ జర్మన్ షెపర్డ్ పేరు 'కిస్'. నలుగురిలో ముద్దూ ముద్దూ అని పిలవాలంటే ఏ కుర్రాడికైనా ఇబ్బందే. 'బడ్డీ' అని మార్చేశాడు. మరుసటి ఏడాదే 'సీయింగ్ ఐ' శిక్షణ కేంద్రం పుట్టింది. పేరైతే ఒక పూటలో మారింది. కాళ్ల వేగం, భుజం బలం, ఊరి వాలు అలా మారేవి కావు. వాటి దగ్గర సర్దుకుపొమ్మనడమంటే, రోడ్డు దాటేటప్పుడు ఇద్దరి ప్రాణాలతో ఆడుకోవడమే.

ఆలస్యానికీ ఖరీదుంది. గైడ్ డాగ్ సుమారు రెండేళ్లకు పనిలో చేరి, పదేళ్లు వచ్చేసరికి విశ్రాంతి తీసుకుంటుంది. మొహమాటంతో మనిషి ఒక్క ఏడాది నెట్టుకొచ్చాడంటే, అది ఆ కుక్క ఉద్యోగంలో ఎనిమిదో వంతు.